పైసా, బైసా, ముత్యాల అప్పు

(మా ఊరి గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ పిల్లలూ ముందుకు రండి, ఇక్కడ రెండు బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఈ మైకు కొంచెం దూరం జరుపు నాయనా, నా ఊపిరే ఎక్కువ వినిపిస్తోంది. ఆ, చాలు.

నాకిచ్చిన టాపిక్ ఏమిటంటే అరబ్ దేశాల చరిత్ర, ప్రజలు, ఆర్థిక వ్యవస్థ. పేరు వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. నేను ప్రొఫెసర్‌ని కాను. కువైట్‌లో 9 ఏళ్లు, మస్కట్‌లో 12 ఏళ్లు కంపెనీల్లో లెక్కలు రాసుకుంటూ బతికినవాణ్ని. అరబ్ దేశాలు 22 ఉన్నాయి, మొరాకో నుంచి ఒమన్ దాకా. అన్నీ చెప్పాలంటే తెల్లారిపోతుంది, పైగా నాకు తెలియవు కూడా. పక్కపక్కనే ఉండే ఓ నాలుగైదింటి గురించి చెప్తాను. కువైట్, బహ్రెయిన్, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్, ఒమన్, యెమెన్. ఒకే సముద్రం, ఒకే భాష, చాలావరకు ఒకే తిండి. మరి ఒకడు అంత ఎత్తుకు పోయి, పక్కవాడు ఇంత కిందికి ఎట్లా వచ్చాడు? ఆ మధ్యలో మనవాళ్లు ఎక్కడినుంచి దూరారు? అంతే నా సబ్జెక్టు.

ముందు ఈ నాణెం చూడండి. ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కవాళ్లకివ్వండి, జేబులో వేసుకోవద్దు. ఇది ఒమన్ నాణెం, 25 బైసా. వెయ్యి బైసాలు ఒక రియాల్. బైసా అంటే ఏమిటి? చెప్పండి. ఆ అమ్మాయి చెప్పింది, పైసా! అరబ్బీలో 'ప' అనే అక్షరం లేదు. పెప్సీని బెబ్సీ అంటారు, పార్కింగ్‌ని బార్కింగ్ అంటారు. మన పైసా అక్కడికి పోయి బైసా అయింది, ఇవాళ్టికీ నాణెం మీద అదే పేరు.

ఎట్లా పోయింది? 1950ల్లో కువైట్ మార్కెట్లో చేపలు కొన్నవాడు ఏ డబ్బు ఇచ్చి కొన్నాడనుకుంటున్నారు? మన రూపాయి. బహ్రెయిన్‌లో, ఖతర్‌లో, దుబాయ్‌లో, మస్కట్‌లో చెల్లింది మన రూపాయే. వాళ్ల పోస్టాఫీసుల్లో ఒకప్పుడు మన స్టాంపుల మీదే కువైట్ అని, బహ్రెయిన్ అని పేరు అచ్చు గుద్ది అమ్మేవాళ్లు. ఆ తీరం మొత్తం బ్రిటిష్‌వాళ్ల నీడలో ఉండేది, ఆ నీడ పడేది లండన్ నుంచి కాదు, బొంబాయి నుంచి. యెమెన్‌లోని ఏడెన్ రేవునైతే 1937 దాకా ఇండియాలో భాగంగానే పాలించారు.

తర్వాత ఏమైందంటే బంగారం. మన దేశంలో బంగారం రేటు ఎక్కువ, బయట తక్కువ. జనం రూపాయలు పట్టుకొని గల్ఫ్‌కు పోయి, బంగారం కొని, దొంగచాటుగా పడవల్లో బొంబాయి తీరానికి తెచ్చేవాళ్లు. అక్కడ పోగుపడ్డ రూపాయలకు మన రిజర్వు బ్యాంకు విదేశీ డబ్బు చెల్లించుకోవాల్సి వచ్చేది. భరించలేక 1959లో గల్ఫ్ కోసమని వేరే నోట్లు అచ్చేశారు. పది రూపాయల నోటు ఎర్రగా ఉండేది, ఇక్కడ చెల్లదు, అక్కడే చెల్లుతుంది. తర్వాత కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్ పెట్టుకున్నాయి. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించారు గదా, డాలరుకు 4.76 ఉన్నది 7.50 అయింది. ఒక్క దెబ్బకు మిగతావాళ్లూ మన రూపాయికి దండం పెట్టేశారు. ఒమన్ ఒక్కటే 1970 దాకా లాగింది. బహ్రెయిన్‌లో ఇప్పటికీ 100 ఫిల్సులను, అంటే దినార్‌లో పదో వంతును, రుబ్బియ్య అంటారు. పంఖాను బంకా అంటారు, తిన్నగా పో అనడానికి సీదా అంటారు. మనవాళ్లు కొత్తగా దిగినప్పుడు అరబ్బీ రాదని బెదురుతారు గానీ, సగం మాటలు మన దగ్గర్నుంచి పోయినవే. సరే, సగం కాదులే, ఓ పదిహేను ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గల్ఫ్ అనగానే మనకేం కనిపిస్తుంది? ఇసుక, ఒంటె, పెట్రోలు. పెట్రోలుకు ముందు వాళ్లేం తిన్నారని ఎప్పుడైనా ఆలోచించారా? సముద్రాన్ని తిన్నారు. మన పెద్దవాళ్లు బస్రా ముత్యం అంటారు గదా, హైదరాబాద్ ముత్యాల అంగళ్లలో పాత నగలు చూపించేటప్పుడు చెప్పే మాట. ఆ ముత్యం ఆ సముద్రంలోదే. బహ్రెయిన్, కువైట్, ఖతర్, దుబాయ్, అన్నిటికీ అదే పంట. ఎండాకాలం మొదట్లో పడవలు పోతే సెప్టెంబరు దాకా నాలుగు నెలలు నీళ్ల మీదే.

ఆ పని ఎట్లా ఉండేదో చెప్తా. కువైట్ మ్యూజియంలో సామాన్లు చూశాను, ముసలివాళ్లు చెప్తే విన్నాను. మునిగేవాడి ముక్కుకు ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన క్లిప్పు, మనం బట్టలారేసేటప్పుడు పెడతామే, అట్లాంటిది. వేళ్లకు తోలు తొడుగులు. మెడలో వల బుట్ట. కాలికి రాయి. ఆ రాయి బరువుతో సర్రున అడుగుకు పోతాడు, చేతికందిన చిప్పలన్నీ బుట్టలో వేసుకుంటాడు, ఊపిరి అయిపోవస్తే తాడు గుంజుతాడు, పైనున్నవాడు లాగుతాడు. నిమిషం, నిమిషంన్నర. మళ్లీ మునక. రోజుకు యాభై మునకలు, కొందరైతే ఇంకా ఎక్కువ. కడుపు నిండా తింటే మునగలేరని పగలు నాలుగు ఖర్జూరాలు, కాస్త కాఫీ, రాత్రికే చేపా అన్నమూ. చెవులు చీము పట్టేవి, కళ్లు పోయేవి. పాట పాడడానికే ఒక మనిషి ఉండేవాడు పడవ మీద, నహ్హామ్ అంటారు, తెడ్లు వేసేవాళ్లకు, తాడు లాగేవాళ్లకు ఊపు రావడానికి. మన నాట్ల పాటల్లాగే అనుకోండి, కానీ వింటే ఏడుపు పాటలాగుంటుంది.

మరి ముత్యం దొరికితే ఎవరిది? ఇదీ అసలు ప్రశ్న. మునిగినవాడిది కాదు. పడవ నడిపే నఖుదా సీజనుకు ముందే అడ్వాన్సు ఇస్తాడు, నాలుగు నెలలు ఇంట్లో పెళ్లాంబిడ్డలు తినాలి గదా. ఆ నఖుదాకు షావుకారు అప్పిస్తాడు, ఆ షావుకారు బొంబాయిలో పెద్ద షావుకారుకు అమ్ముకుంటాడు. సీజను చివర్లో లెక్క చూస్తే మునిగినవాడే ఇంకా బాకీ. లెక్క రాసేది నఖుదా, మునిగినవాడికి చదువు రాదు. బాకీ తీరకుండా ఇంకో పడవ ఎక్కడానికి లేదు, పాత నఖుదా కాగితం ఇవ్వాలి, ఆ కాగితాన్ని బర్వా అనేవాళ్లు. చస్తే ఆ బాకీ కొడుకు మీదికో తమ్ముడి మీదికో వచ్చేది.

ఎవరో నవ్వారు అక్కడ. ఎందుకు నవ్వావన్నా? "ఇది మన వీసా కథే గదా" అంటున్నాడు. నేను చెప్పాలనుకున్నది నువ్వే చెప్పేశావు, ఇంక నేను దిగిపోవచ్చు. అవును, అదే. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి పోతాం, మొదటి ఏడాదిన్నర జీతం ఆ వడ్డీకే. నేనున్న రోజుల్లో కంపెనీ మారాలంటే కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, పొమ్మని కాగితం ఇవ్వాలి, అదే రిలీజ్. పేరు మారింది, బర్వా పోయి రిలీజ్ వచ్చింది. మన మీద అజమాయిషీ చేసే ఆ కఫీల్ ఉన్నాడే, వాళ్ల తాతో ముత్తాతో ముక్కుకు క్లిప్పు పెట్టుకొని మునిగినవాడే అయ్యుంటాడు. నాకు మొదట్లో ఇది తెలియదు. తెలిశాక కోపం తగ్గిందా అంటే, తగ్గలేదు, ఇంకా పెరిగింది.

1912 బ్రహ్మాండమైన సంవత్సరం, ముత్యాలు పొంగిపొర్లిన ఏడు అని అరబ్బీలో దానికి పేరే ఉంది. అప్పటికే జపాన్‌లో మికిమోతో అనే ఆయన చిప్పలో పూస పెట్టి ముత్యాన్ని పెంచే విద్య పట్టుకున్నాడు. 1920ల్లో ఆ ముత్యాలు మార్కెట్లోకి వచ్చాయి, 1929లో అమెరికా షేర్ల మార్కెట్ కుప్పకూలింది, ముత్యాలు కొనేవాడే లేడు. కువైట్‌లో, బహ్రెయిన్‌లో, దుబాయ్‌లో ఆకలి. మన దగ్గర కరువు వస్తే పక్క జిల్లాకైనా పోతాం, వాళ్లెక్కడికి పోతారు? కువైట్‌లో తాగే నీళ్లు కూడా ఇరాక్ నుంచి పడవల్లో వచ్చేవి.

1932లో బహ్రెయిన్‌లో రెండు జరిగాయి. అడ్వాన్సు తగ్గించారని మునిగేవాళ్లు తిరగబడ్డారు, గొడవైంది, ప్రాణాలు పోయాయి. అదే సంవత్సరం, అదే చిన్న దీవిలో, జబల్ దుఖాన్ అనే గుట్ట దగ్గర పెట్రోలు పడింది. అరబ్బుల వైపు గల్ఫ్‌లో మొదటి బావి అది. ఆ గొడవ చేసినవాళ్లలో ఎంతమంది తర్వాత ఆయిల్ కంపెనీలో కూలికి చేరి ఉంటారో ఆలోచించండి. 1938లో సౌదీలో దమ్మామ్ దగ్గర, కువైట్‌లో బుర్గాన్ దగ్గర పడింది. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చి, కువైట్ నూనె ఓడకెక్కింది 1946లో.

కువైట్‌వాళ్ల తెలివి ఒకటి చెప్పాలి. స్వతంత్రం రాకముందే, 1953లో, నూనె డబ్బును లండన్‌లో మదుపు పెట్టడానికి ఒక బోర్డు పెట్టుకున్నారు. 1976లో రాబోయే తరాల ఫండు పెట్టి, ప్రభుత్వ రాబడిలో నూటికి పది అందులో వేశారు. 1990లో ఇరాక్ వచ్చి దేశాన్నే మింగేస్తే, దేశం లేని ప్రభుత్వం ఆ డబ్బుతోనే నడిచింది. మన ఊళ్లో ఇల్లు కాలినా పొలం కాగితాలు బ్యాంకు లాకర్లో ఉన్నట్టు.

దుబాయ్‌ది ఇంకో దారి. అందరూ దుబాయ్ అంటే నూనె అనుకుంటారు. దుబాయ్‌లో నూనె పడింది 1966లో, అదీ తక్కువ. వాళ్ల బతుకంతా రేవు. 1900 ప్రాంతంలో అవతలి గట్టున ఇరాన్‌వాళ్లు సుంకాలు పెంచితే, దుబాయ్ షేకు సుంకం తీసేసి ఆ వ్యాపారస్తులను ఇటు రమ్మన్నాడు. వచ్చారు. తర్వాత పూడిపోతున్న క్రీకును, అదే ఊళ్లోకొచ్చే సముద్రపు పాయను, అప్పు తెచ్చి తవ్వించారు, ఆ అప్పులో కువైట్ డబ్బు ఉంది. అంటే పక్కవాడి నూనెతో వీళ్లు కాలువ తవ్వుకున్నారు. 2009లో అప్పుల్లో మునిగితే మళ్లీ పక్కవాడే, అబుదాబీ, వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చి గట్టెక్కించాడు. తర్వాతి నెలలో ఆ పెద్ద టవర్ ప్రారంభం, అప్పటిదాకా బుర్జ్ దుబాయ్ అని పిలిచినదానికి ఆ రోజు పేరు బుర్జ్ ఖలీఫా అన్నారు. ఖలీఫా ఎవరు? అప్పటి అబుదాబీ షేకు. మన దగ్గర కల్యాణ మండపానికి చందా ఇచ్చినవాడి పేరు పెట్టమా, అదే.

ఒమన్ గురించి నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్తున్నా. మంచి మనుషులు. ఒకప్పుడు జంజిబార్ దీవి దాకా, తూర్పు ఆఫ్రికా తీరం వెంబడి వాళ్ల రాజ్యం. లవంగాల తోటలు. ఆ తోటల్లో పనిచేసింది బానిసలు, అది కూడా చెప్పాలి గదా. 1856లో సుల్తాను పోతే కొడుకులు కొట్టుకున్నారు, 1861లో పంచాయతీ చేసి ఒమన్‌ను ఒకడికి, జంజిబార్‌ను ఒకడికి పంచిపెట్టింది ఎవరో తెలుసా? కలకత్తాలో కూర్చున్న మన వైస్రాయి కానింగ్. డబ్బంతా జంజిబార్ వైపు పోయింది, ఒమన్ ఎండిపోయింది. 1970 నాటికి దేశం మొత్తంలో మూడే బడులు, 10 కిలోమీటర్ల తారు రోడ్డు. రాత్రయితే మస్కట్ కోట తలుపులు మూసేవాళ్లు, ఆ తర్వాత వీధిలో తిరగాలంటే చేతిలో లాంతరు ఉండాలి. ఆ ఏడు జులైలో అప్పటి సుల్తాను కొడుకు ఖాబూస్ తండ్రిని దించేశాడు. నేను పనిచేసిన ఆఫీసులో ఒక ముసలి డ్రైవరు, లాంతరు రోజులు చూసినవాడు, నా ముందే మనవరాలితో వీడియో కాల్ మాట్లాడేవాడు, ఆ పిల్ల డాక్టరు చదువుతోంది. ఒక్క మనిషి జన్మలో.

ఇంక యెమెన్. ఒమన్ పక్కనే. నాణెం ఎక్కడిదాకా వచ్చింది? సరే, కానివ్వండి.

యెమెన్‌లో హద్రమౌత్ అనే ప్రాంతం. అక్కడివాళ్లు బతుకుతెరువుకు ఎక్కడికొచ్చారో తెలుసా? మన హైదరాబాద్‌కు! నిజాం సైన్యంలో సిపాయిలుగా. వాళ్ల బ్యారక్సు ఉన్నచోటే ఇవాళ్టి బార్కస్. చావుష్‌లు అంటామే, వాళ్లే. వాళ్లు తెచ్చిన హరీస్ నుంచే మన హలీం అంటారు. అంతకంటే పెద్ద వింత, నిజాం కొలువులో జమేదారుగా సంపాదించిన డబ్బుతో ఖుఐతీ అనే హద్రమౌత్ కుటుంబం, కువైట్‌వాళ్లు కాదు, అక్కడ ముకల్లా రేవులో సుల్తానులైపోయారు. హైదరాబాద్ జీతంతో అరబ్ దేశంలో రాజ్యం కొన్నారు. మన పిల్లలు కువైట్ జీతంతో ఇక్కడ రెండు సెంట్ల స్థలం కొంటున్నారు. కాలం అట్లా తిరగబడింది.

ఆ యెమెన్ ఎందుకు చితికింది? నూనె కొంచెం ఉంది, నీళ్లు లేవు, జనం 3 కోట్లకు పైనే, ఉత్తరం దక్షిణం అని రెండు దేశాలుగా ఉండి 1990 మే నెలలో కలిశాయి. కలిసిన మూడు నెలలకే ఇరాక్ కువైట్‌లో దూరింది. యెమెన్ ఇరాక్‌ను గట్టిగా తప్పుపట్టలేదు, ఐక్యరాజ్యసమితిలో యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసింది. సౌదీకి మండింది. అప్పటిదాకా యెమెన్‌వాళ్లకు సౌదీలో కఫీల్ అక్కర్లేదు, ఆ వెసులుబాటు తీసేశారు. 8 లక్షలకు తక్కువ కాకుండా మనుషులు మూటాముల్లె సర్దుకొని ఇంటికొచ్చారు. వాళ్లు పంపే డబ్బు మీద బతుకుతున్న దేశం అది. 1994లో అంతర్యుద్ధం, 2014లో హూతీలనే తిరుగుబాటుదారులు రాజధాని సనాను పట్టుకోవడం, 2015 నుంచి సౌదీ బాంబులు, అవన్నీ మీరు టీవీలో చూసినవే.

ఇక్కడ ఆగండి, ఇది ముఖ్యం. కువైట్‌లో కూడా అదే జరిగింది. యుద్ధానికి ముందు అక్కడ దాదాపు 4 లక్షల మంది పాలస్తీనావాళ్లు, టీచర్లు, ఇంజనీర్లు, నా సీట్లో ఉండే లెక్కలవాళ్లు. వాళ్ల నాయకుడు సద్దాం వైపు మాట్లాడాడని అందరినీ అనుమానించారు, యుద్ధం అయ్యాక మిగిలింది కొన్ని వేలమంది. ఆ ఖాళీల్లోకి ఎవరు పోయారు? నేను పోయాను, 1994లో. నాకు ఉద్యోగం నా తెలివితో వచ్చిందనుకొని సంబరపడ్డాను. నా టేబులు సొరుగులో అరబ్బీలో రాసిన పాత లెక్కల పుస్తకం దొరికింది, ఎంత ముచ్చటైన చేతిరాతో. అది ఎవరిది అని అడిగితే మా మేనేజరు మాట మార్చాడు. రెండోసారి అడగలేదు.

అరబ్ పనివాడైతే భాష తెలుసు, రాజకీయం తెలుసు, నేనూ అరబ్బునే, నాకూ హక్కుంది అంటాడు. మనవాడైతే నెలకు ఇంత పంపుకుంటే చాలనుకుంటాడు, నోరు మెదపడు. 1973లో నూనె ధర మూడు నెలల్లో నాలుగింతలైనప్పటి నుంచే ఈ లెక్క మొదలైంది, 1990 తర్వాత ఖాయమైంది. పక్కింటివాణ్ని పొమ్మని దూరపువాణ్ని పిలవడం. మనల్ని ప్రేమతో పిలవలేదమ్మా. ఇవాళ కువైట్‌లో పదిమందిలో ముగ్గురే కువైటీలు, ఎమిరేట్స్‌లో, ఖతర్‌లో పదిమందికి ఒకడే సొంత పౌరుడు. మన కడప, రాజంపేట, గోదావరి జిల్లాల ఆడవాళ్లు ఎంతమంది ఆ ఇళ్లలో వంట చేస్తున్నారు, పిల్లల్ని పెంచుతున్నారు. ఖద్దామా అంటారు, మన ఊళ్లో ఆ మాట తెలియని ఇల్లుందా? కఫీల్ దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా తిరిగేవాడికి కల్లివల్లి అని మనమే పేరు పెట్టుకున్నాం. వదిలెయ్, పోనీ అని ఆ మాటకర్థం. ఎంత సరిగ్గా సరిపోయిందో.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ, చెప్పక్కా. "మా వాడు కువైట్ పోతానంటున్నాడు, పంపమంటావా" అని. నేను వద్దంటే ఆగుతాడా? నేనూ పోయినవాణ్నే గదా, వద్దనే మొహం నాకు లేదు. కానీ వీసా ఏ నంబరో అడుగు. 20 అయితే ఇంటి పని, 18 అయితే కంపెనీ. 20 మీద పోయి అక్కడ 18కి మార్చుకోవచ్చులే అని ఏజెంటు అంటే నమ్మొద్దు, అది అంత తేలిక కాదు. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా లేదా చూడు. ఉన్నవాడైతే సర్వీసు చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. మీవాడు ఎంత అడిగాడు? లక్షా డెబ్బయ్యా! ఎక్కడినుంచి తెస్తున్నారు, వడ్డీకా? జీతం ఎంత చెప్పారు, ఎన్ని నెలలు ఒప్పందం, అవన్నీ ఒక కాగితం మీద రాసుకొని, మీవాణ్ని వెంటబెట్టుకొని రేపు పొద్దున మా ఇంటికి రా. పది దాకా ఉంటాను. డబ్బు మాత్రం అప్పటిదాకా కట్టొద్దు.